పైకి చెప్పని రెండు అంగుళాలు

ఎముకల వార్డులో కిటికీ పక్క మంచం పోస్టుమాన్ ఛాతీ ముప్పై ఆరు అంగుళాలని ఒక మధ్యాహ్నం తేలింది. ఆయనేమీ చొక్కా కుట్టించుకోవాలనుకోలేదు. సైకిలు మీంచి పడి మెడ కింది ఎముక విరిగి, ఎడమ చెయ్యి మెడకి వేలాడేసుకుని ఉన్నాడు. బాత్‌రూముకి వెళ్ళి వస్తూంటే, పక్క మంచం అంచున కూర్చున్న పేషెంటు "ఇలా రండి. నిటారుగా నిలబడండి," అన్నాడు. ఆ గొంతులో ఏదో అధికారం ఉంది. పోస్టుమాన్ నిటారుగా నిలబడ్డాడు. చెయ్యెత్తమంటే బాగున్న చెయ్యి ఎత్తాడు. పేషెంటు తన చేతికున్న సెలైన్ గొట్టాన్ని లాగి, పోస్టుమాన్ చంక కిందనుంచి వీపు చుట్టూ తిప్పి ముందుకు తెచ్చి, రెండు వేళ్ళతో కలిపి పట్టుకుని, "ఛాతీ ముప్పై ఆరు," అని పైకి చెప్పాడు.

మంచం పక్క స్టూలు మీద కూర్చున్న పేషెంటు భార్య "ఊఁ" అంది.

"భుజం పదిహేడు."

"ఊఁ."

"కింద పొడవు ఎంత ఉంచమంటారు? లోపలికి దోపుతారా, పైకి వదిలేస్తారా?"

"దోపుతానండీ. డ్యూటీలో అలాగే ఉండాలి," అన్నాడు పోస్టుమాన్.

ఇంతలో సెలైన్ స్టాండు ఒరిగి మంచం మీద పడింది. సూది ఊడి, నాలుగు చుక్కల నెత్తురు పోస్టుమాన్ చెప్పు మీద రాలింది. సిస్టరు పరుగెత్తుకొచ్చి గావుకేక పెట్టాక గాని, అక్కడున్న ముగ్గురిలో ఒక్కరికీ అది టైలరు షాపు కాదని తట్టలేదు.

కొలతలు తీసినాయనకి ఆ పూట మతి మతిలో లేదు, ఆయన్నేమీ అనలేం. పోస్టుమాన్ సర్కారు ఉద్యోగి, నిలబడమంటే నిలబడతాడు. స్టూలు మీద కూర్చుని "ఊఁ" అన్నావిడకి మాత్రం మతి పూర్తిగా ఉంది. ఆవిడ సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

మా వీధిలో ఆవిడ్ని చిన్నా పెద్దా అందరూ కాజాలక్క అంటారు. చొక్కాకి బొత్తం దూరే కంత ఉంటుంది కదా, దాని అంచు పోగులు లేచిపోకుండా దారంతో కుట్టడమే కాజా కుట్టడం. పెళ్ళికి ముందు యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో ఆవిడ పని అదే. అక్కడికి కొత్తగా కట్టింగు మాస్టారు వచ్చిన రోజున ఈవిడ ఆయన గుండెల వైపే చూస్తూ కూర్చుందట. తోటి ఆడపిల్లలు ఆటపట్టించి చంపేశారు. "చూపూ లేదు, పాడూ లేదు. ఆయన చొక్కాకి మూడో కాజా వంకరగా ఉంది. ఎవరు కుట్టారా అని చూస్తున్నా," అని ఆవిడ చెప్పుకుంది గాని ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది, ఏడాది తిరక్కుండా వాళ్ళే దగ్గరుండి పెళ్ళి చేయించారు. వంకర కాజా విప్పి మళ్ళీ కుట్టింది మాత్రం పెళ్ళయ్యాకే.

మాస్టారు ఫ్యాక్టరీ మానేసి మా వీధి మలుపులో షాపు పెట్టారు. రెండు మిషన్లు, ఒక కట్టింగు బల్ల, ఒక ఇస్త్రీ బల్ల, మనిషి నిలబడి చూసుకోవడానికి గోడకి నిలువుటద్దం. వెనకాల తెర, తెర వెనక కాపరం. పిల్లల్లేరు. ఆ మాట ఎవరైనా జాలిగా ఎత్తితే, "ఒకణ్ణి పెంచుతూనే ఉన్నాగా," అని కాజాలక్క కట్టింగు బల్ల వైపు గడ్డం ఎత్తి చూపించేది. మాస్టారు విననట్టు కత్తెర ఆడించేవారు. ఆవిడ మధ్యవేలికి సూది దిగకుండా తొడుక్కునే రేకు టోపీ ఎప్పుడూ ఉండేది. స్నానానికి తప్ప తీసేది కాదు. వేలితో బల్ల మీద టకటకా కొడితే ఆవిడకి కోపం వచ్చిందని అర్థం, ఒకసారి గట్టిగా కొడితే అన్నం పెట్టిందని అర్థం. రెంటికీ మాస్టారు ఒకే వేగంతో లేచేవారు.

షాపు పెట్టిన కొత్తలో ఒక సంగతి జరిగింది. ఇనప సామాన్ల కొట్టాయన ప్యాంటు కొలతలకి వచ్చాడు. షాపులో ఇంకో నలుగురున్నారు, అందులో ఒకావిడ ఆయన అత్తగారు. మాస్టారు టేపు చుట్టి, "నడుము నలభై నాలుగు," అని ఖంగుమనేలా చెప్పారు. అత్తగారు "అమ్మో!" అంది. అంతే. కొట్టాయన ఆ ప్యాంటు తీసుకోవడానిక్కూడా రాలేదు, మనిషిని పంపించాడు.

ఆ దెబ్బతో మాస్టారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. నడుమైనా, ఛాతీ అయినా, ఉన్నదానికి రెండు అంగుళాలు తగ్గించి పైకి చెప్తారు. కాజాలక్క "ఊఁ" అని, మనసులో రెండు కలుపుకుని, గుడ్డ తిరగేసి సుద్దముక్కతో అసలు అంకె వేస్తుంది. కుట్టేది దాని ప్రకారం. బట్ట సరిగ్గా సరిపోతుంది, మనిషి సన్నబడ్డాననుకుంటాడు. వేరే షాపులో కొలిపించుకున్నవాళ్ళు వాళ్ళ టేపు మంచిది కాదని తిరిగి ఇక్కడికే వచ్చేవారు. నేనూ ఆ షాపులో ఏళ్ళ తరబడి ముప్పై నాలుగు దగ్గరే ఆగిపోయి హాయిగా ఉన్నాను.

ఈ పద్ధతికి ఒకటే నియమం. కలపడం ఎప్పుడూ పైకి జరక్కూడదు. తొలి రోజుల్లో ఎవరి నడుమో ముప్పై అని చెప్తుంటే కాజాలక్క పొరపాటున "ముప్పై రెండా?" అని నోరు తెరిచింది. మనిషి వెళ్ళాక మాస్టారు ఏమీ అనలేదు. ఆ రోజంతా ఏమీ అనలేదు, మర్నాడు కూడా. మూడోనాడు "సూదిలో దారం ఎక్కించు," అన్నారు. ఆవిడకి పాఠం ఒంటబట్టింది. ఎంత అబద్ధమైన అంకె చెవినబడినా "ఊఁ" తప్ప ఇంకో శబ్దం రాలేదు.

ఇక మాస్టారి మందు సంగతి. దాన్ని మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఇస్త్రీ బల్ల కింద రెండు సీసాలుండేవి. ఒకదాన్లో గుడ్డ మీద చిలకరించే నీళ్ళు. రెండోదాన్లో ఉన్నదాన్ని కూడా ఇస్త్రీ నీళ్ళనే అనేవాళ్ళం. ఆయన తాగి గొడవ చేసింది లేదు, ఎవర్నీ ఒక మాట అన్నది లేదు, కుట్టు వంకర పోయింది లేదు. మాత్రలు వేసుకునేవాళ్ళలా వేళకి ఒంగి, లేచి, మూతి తుడుచుకునేవారు. మధ్యాహ్నం పూట కళ్ళు ఎర్రబడి ఉంటే "మాస్టారు హుషారుగా ఉన్నారు," అనుకునేవాళ్ళం. పొద్దున్నే మొదటి గుక్క పడేదాకా ఆయన చేతులు వణికేవి. సూది కంట్లోకి దారం వెళ్ళేది కాదు. అందుకని కాజాలక్క ముందే లేచి ఓ వరుస సూదుల్లో దారాలెక్కించి, దిండు కవరుకి గుచ్చి ఉంచేది. ఆయన అడిగేవారు కాదు, ఆవిడ చెప్పేది కాదు. ఖాళీ సీసాలు పారేసేది ఆవిడే గనక ఎంతయ్యేదో ఆవిడకొక్కదానికే తెలుసు.

అలాంటి మనిషి ఒక రోజు పట్టపగలు, బడిపిల్లల యూనిఫాంల మూట భుజాన వేసుకుని షాపు మెట్లు దిగుతూ పడ్డారు. కుడి కాలు మోకాలి కింద విరిగింది. చూసినవాళ్ళందరూ మెట్టునే తిట్టారు. మర్నాడే ఎవరో ఆ మెట్టుకి సిమెంటు కూడా పూశారు. అది మొదట్నించీ బాగానే ఉంది.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు డ్యూటీ డాక్టరమ్మ అన్నీ అడిగింది. షుగరుందా, బీపీ ఉందా, ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా. చివర్లో, "సిగరెట్, మందు అలవాటుందా?" అంది.

మాస్టారు అంత నొప్పిలోనూ నవ్వారు. "అబ్బే! ఎప్పుడైనా, ఎవరైనా మరీ బలవంతపెడితే, ఒక్క చుక్క."

డాక్టరమ్మ కాజాలక్క వైపు తిరిగింది. "అంతేనా అమ్మా?"

"ఊఁ," అంది కాజాలక్క.

ఆవిడ అబద్ధం చెప్పానని అనుకోలేదు. ఇక్కడే ఉంది తిరకాసంతా. ఇన్నేళ్ళ కాపరంలో మనిషి పైకి చెప్పే అంకె ఒకటి, రాసుకునే అంకె ఒకటి అన్నది ఆవిడకి నీళ్ళు పల్లానికి పారినంత మామూలు. టైలర్లే కలుపుకుంటుంటే డాక్టర్లు కలుపుకోరా? అంత చదువుకుంది, ఆ మాత్రం వేసుకోదూ? అనుకుని నిశ్చింతగా కూర్చుంది. డాక్టరమ్మ ఒక చుక్కే రాసుకుంది.

కాలు వాచి ఉంది, వాపు తగ్గాక ఆపరేషన్ చేసి రాడ్ వేస్తామన్నారు. అప్పటికి వెనకవైపు సగం కట్టు వేసి, దిండ్ల మీద ఎత్తి పెట్టారు. సాయంత్రానికి మాస్టారి అక్కగారు ఊడిపడింది. కాజాలక్కకి ఆడపడుచు, వీధి మొత్తానికీ పెద్దదిక్కు. ఒక ఫ్లాస్కు, రెండు దుప్పట్లు, బోలెడంత అభిమానం తెచ్చుకుని తల దగ్గర కుర్చీ వేయించుకుంది. వచ్చిపోయే ప్రతివాళ్ళకీ, "మావాడు ఏ అలవాటూ లేనివాడు. ఇంటా వంటా లేదు. ఆ మెట్టు పాపం ఊరికే పోదు," అని చెప్పింది.

మొదటిరోజు మాస్టారు బాగానే ఉన్నారు. పోస్టుమాన్ పైజమా చూసి కుట్టింది ఎవరని అడిగి, జాలిపడ్డారు. రెండో రోజుకి చెమటలు మొదలయ్యాయి, చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. నొప్పికి జ్వరం తగిలిందన్నారు. మూడో రోజు ఆయన దుప్పటి మీంచి లేని దారప్పోగులు ఏరి పక్కన పడేయడం మొదలుపెట్టారు. ఒకటి, ఇంకోటి, వేళ్ళతో పట్టి ఏరుతూనే ఉన్నారు.

"చూశావా మరదలా, మంచాన పడ్డా వాడి శుభ్రత వాడిదే," అని మురిసిపోయింది ఆడపడుచు.

కాజాలక్కకి అది శుభ్రతలా అనిపించలేదు. అయినా మనసు పనిమీదికి మళ్ళింది కదా, మంచిదే అనుకుంది. ఆ మధ్యాహ్నమే పోస్టుమాన్ ఛాతీ తేలింది. టేపు పట్టిన మనిషిని చూసి, అంకె చెవినబడగానే, అలవాటు కొద్దీ "ఊఁ" అనేసింది. మనసులో రెండు కలిపింది కూడా. సుద్దముక్క కోసం చెయ్యి వెతుక్కుంటుంటే సిస్టరు కేక వినబడింది.

సిస్టరు స్టాండు ఎత్తేలోపు మాస్టారు ఇంకో పని మొదలుపెట్టారు. మంచం అంచున కూర్చుని రెండు కాళ్ళతో మిషను తొక్కసాగారు. మిషను లేదు. విరిగిన కాలు ఉంది. కట్టు ఫెళ్ళున చిట్లింది. ఆయనకి నొప్పి తెలియడం లేదు. "గుడ్డ లాగవే, గుడ్డ లాగు, పిల్లలు బడికెళ్ళాలి," అంటున్నారు. ఇద్దరు వార్డుబాయిలు పట్టుకుంటే ఇద్దర్నీ కలిపి తొక్కుతున్నారు.

డాక్టరమ్మ వచ్చి కళ్ళు చూసింది, నాడి చూసింది, చేతులు చాపించి వేళ్ళు చూసింది. లేచి తిన్నగా అడిగింది.

"ఈయన రోజూ తాగుతారా?"

"అయ్యయ్యో! మా తమ్ముడా?" అంది ఆడపడుచు. "డాక్టరమ్మా, నువ్వు పసిదానివి, మాట జారకు. మా ఇంట్లో ఆ వాసనే తెలీదు."

"పెద్దమ్మా, నేను తప్పు పట్టడానికి అడగడం లేదు. రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి మందు ఆగిపోతే మూడోనాటికి ఇలా అవుతుంది. ఇంకాస్త ముదిరితే ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోవచ్చు కూడా. దీనికి ఇంజెక్షనుంది. ఎంత ఇవ్వాలో తెలియాలంటే ఈయన ఎంత తాగుతారో తెలియాలి. ఒట్టి జ్వరంలో కలవరింతలైతే వైద్యం వేరు. చెప్పండి, ఏది?"

"జ్వరమే," అంది ఆడపడుచు. "ఆ మెట్టు..."

"అమ్మా, మీరు చెప్పండి," అంది డాక్టరమ్మ కాజాలక్కతో.

వార్డంతా చెవులు రిక్కించింది. విరిగిన కాళ్ళూ చేతులతో కదల్లేక పడుకున్నవాళ్ళకి వినడం తప్ప వేరే పనేముంటుంది? కాజాలక్క వేలికి రేకు టోపీ ఉంది. దాంతో మంచం ఇనపకమ్మీ మీద టకటకా కొడుతోంది, తనకి తెలీకుండానే. ఒక పక్క ఆడపడుచు గుడ్లురుముతోంది. ఇంకో పక్క, ఆ నలభై నాలుగు తరవాత ఎవరి ఒక్క అంగుళాన్నీ బయటపెట్టని మనిషి, లేని గుడ్డని లేని మిషను కింద తోస్తున్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. కొలతలు చెప్పేటప్పుడు ఆయన ఎలా నిలబడతారో సరిగ్గా అలాగే, గొంతు కూడా అలాగే పెట్టి, చెప్పింది.

"పొద్దున కత్తెర పట్టకముందు, క్వార్టరులో సగం."

"ఊఁ," అన్నారు మాస్టారు, తొక్కుతూనే.

వార్డుబాయి ఒకడికి నవ్వొచ్చి పక్కకి తిరిగాడు. కాజాలక్క నవ్వలేదు.

"అన్నం తినేముందు, మిగతా సగం."

"ఊఁ."

"షట్టరు దించాక ఇంకో క్వార్టరు, నిండుగా. తొందర పనులున్నప్పుడు మధ్యలో ఇంకాస్త, అది ఇంత అని చెప్పలేను. మానేసిన రోజంటూ నాకు గుర్తు లేదు. ఆఖరిసారి మెట్లు దిగబోయే ముందు."

మాస్టారు దానిక్కూడా "ఊఁ" అన్నారు.

"నీ నోరు పడిపోను!" అంది ఆడపడుచు. కుర్చీ వెనక్కి తోసేసి లేచింది. "కట్టుకున్నవాణ్ణి నడివీధిలో నిలబెట్టేశావు కదే! ఇంతమందిలో!"

"అది తరవాత తిడుదురు గాని, కాస్త ఆ కాలు పట్టుకోండి వదినా," అంది కాజాలక్క.

ఆడపడుచు తిడుతూనే కాలు పట్టుకుంది.

ఇంజెక్షన్లు పడ్డాయి. కొత్త సెలైన్ పెట్టి, అందులో విటమిన్లు ఎక్కించి, మంచాన్ని సిస్టరు బల్ల ఎదురుగా జరిపారు. మాస్టారి కాళ్ళు కాస్త కాస్తగా ఆగాయి. మనిషి నిద్రలోకి జారాక డాక్టరమ్మ స్టూలు లాక్కుని కాజాలక్క పక్కన కూర్చుంది.

"మొదటిరోజే చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు కదమ్మా."

"మీరు కలుపుకుంటారనుకున్నానండీ," అంది కాజాలక్క. అని, షాపు పద్ధతి అంతా చెప్పింది. కలపడం పైకి జరక్కూడదన్నది కూడా చెప్పింది.

డాక్టరమ్మ కేసు షీటు తెరిచి, మొదటిరోజు తను రాసుకున్నది చూసుకుంది. తరవాత అంది, "నేనూ కలుపుకుంటానమ్మా. చాలామంది తగ్గించే చెప్తారు, అందుకని ఎంత చెప్తే దానికి రెండింతలు వేసుకుంటా. మీ ఆయన ఎప్పుడైనా ఒక చుక్క అన్నారు. రెండింతలు వేశా. ఎప్పుడైనా రెండు చుక్కలైంది."

కాజాలక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముందు నవ్వే వచ్చిందని పోస్టుమాన్ చెప్పాడు.

కాలు విరిగిందనో, కడుపులో నొప్పనో, హెర్నియా అనో వచ్చి చేరతారనీ, అడిగితే అలవాట్లేమీ లేవంటారనీ, రెండు మూడు రోజులకి ఇలా బయటపడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఇది ఈ వార్డులో ఒక్క మాస్టారి సంగతే కాదట. ఆ మాట కాస్త పైకే అంది. కావాలనే అని ఉంటుంది. కాసేపటికి కిటికీ వైపు నుంచి ఒక దగ్గు వినబడింది.

"డాక్టరమ్మా," అన్నాడు పోస్టుమాన్. "నేను చేరినప్పుడు అప్పుడప్పుడు అని చెప్పాను. అది... కాస్త దిద్దుకోండి."

"ఎంత దిద్దమంటారు?"

"మా ఆవిడ సాయంత్రం వస్తుంది. ఆవిడ్ని అడగండి. నేను ఆ టైముకి పడుకుంటాను."

ఆ సాయంత్రం రౌండుకి వార్డులో ఇంకా ఒకరిద్దరి అప్పుడప్పుడులు బాగా పెరిగాయి. మూల మంచం పెయింటరు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చెప్పుకున్నాడని సిస్టరు అనుమానం. అందరూ చెప్తుంటే తనది తక్కువ కావడం ఇష్టం లేక అయి ఉంటుంది.

రెండు రోజులు పడుకుని లేచాక మాస్టారికి ఏమీ గుర్తు లేదు. గుర్తు చేయడానికి అక్కగారు ఉండనే ఉంది. పూస గుచ్చినట్టు చెప్పింది, పావులూ సగాలూ కూడా వదలకుండా. మాస్టారు విని, గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాజాలక్క గంజి కలుపుకొచ్చి, గ్లాసు అంచు మీద రేకు టోపీతో ఒకసారి కొట్టింది. ఆయన లేవలేదు. చల్లారాక తనే తాగేసింది.

ఆపరేషను అయింది. రాడ్ వేశారు. మనసు సంగతి చూసే ఇంకో డాక్టరు వచ్చి రోజూ కాసేపు కూర్చుని మాట్లాడాడు. లివరు వాచి ఉందనీ, ఇప్పుడు ఆపితే కుదురుకోవచ్చనీ, ఆపకపోతే తనేం చెప్పలేననీ అన్నాడు. ఆయన దగ్గర మాస్టారు పెద్దగా మాట్లాడింది లేదు. ఒక్కసారి మాత్రం, "మందు లేకపోతే చేతులు వణుకుతాయండీ. వణికే చేత్తో కత్తెర ఎలా పట్టను?" అని అడిగారట. ఆ వణుకు మందు తెచ్చిందేనని ఆ డాక్టరు చెప్తే, మాస్టారు తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారట. అన్నేళ్ళూ ఆయన దాన్ని జబ్బుకి మందే అనుకున్నారు.

ఇంటికొచ్చాక షాపు మళ్ళీ తెరిచారు. మాస్టారు కుడికాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని, చంక కర్రలు గోడకి ఆనించి, కూర్చునే కత్తిరిస్తున్నారు. చెయ్యి కొన్నాళ్ళు వంకరలు పోయింది. ఒక ప్యాంటు పాడైంది, అది నాదే. ఇస్త్రీ బల్ల కింద ఇప్పుడు ఒక సీసాయే ఉంది. ఒక రోజు ఆయన అడిగారట, ఆవిడ ఇవ్వనందట, ఆయనకి ఒళ్ళు మండి కత్తెర విసిరారట, సరిగ్గా వెళ్ళి గుడ్డల కుప్ప మధ్యలో పడేలాగా. మంచి కత్తెర మరి. ఇంకో రోజు అడగలేదు. మర్నాడు మళ్ళీ అడిగారు. ఇప్పటికైతే లేదు. రేపటి సంగతి నేను చెప్పలేను, ఆవిడ కూడా చెప్పదు.

ఆయనకి అన్నిటికంటే కష్టమైంది మాత్రం మా వీధి మంచితనం. ఆసుపత్రి మాట ఆసుపత్రిలో ఆగలేదు. ఎప్పుడూ పలకరించనివాళ్ళు కూడా షాపులో తొంగిచూసి, "బాగున్నారా మాస్టారూ?" అని గొంతు తగ్గించి అడుగుతున్నారు, పక్కన పసిపిల్లలు పడుకున్నట్టు. సోడా బండివాడు ఎదురుగా నిలబడి నిమ్మకాయ సోడా ఊరికే ఇచ్చి వెళ్తున్నాడు. మాస్టారు ముఖం కందగడ్డ చేసుకుని తాగుతున్నారు.

మొన్న నేను వెళ్ళేసరికి, సందులో ఉండే రిటైరైన హెడ్మాస్టారు గుమ్మంలో నిలబడి, "రోజుకి అంత ఎలా పట్టిందయ్యా నీకు?" అని ఆశ్చర్యంగా, కొంచెం మెచ్చుకోలుగా కూడా, అడుగుతున్నారు. మాస్టారు ఆయన మలుపు తిరిగేదాకా కత్తెర గుడ్డ మీదే ఆపి ఉంచారు. తరవాత నేనున్నానని కూడా చూడకుండా, తెర దగ్గర కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతున్న ఆవిడ మీద విరుచుకుపడ్డారు.

"విన్నావా? చల్లగా ఉందా ఇప్పుడు? అంత పెద్ద వార్డులో, నా అక్క ముందు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు, పావూ సగం అని టముకు వేసినట్టు చెప్పావే! ఆ డాక్టరమ్మని పక్కకి పిలిచి చెవిలో ఊదితే నీ నోరు అరిగేదా? ఇన్నేళ్ళు గుట్టుగా బతికాను. ఇంక ఈ వీధిలో నేను తలెత్తుకుని ఎలా తిరగనే?"

కాజాలక్క దారాన్ని పంటితో తెంపి, ముడి సరిగ్గా పడిందో లేదో వెలుతురులో పెట్టి చూసుకుంది.

"ముందు ఆ కాలు నేల మీద ఆననియ్యవయ్యా, తల సంగతి తరవాత చూద్దాం."